పెద్ద కుటుంబంలో కబురు ఎవరికి ముందు, ఎవరి నోట చెప్పాలి

మీరు అడిగింది ఇదీ: తాతగారి సంతానం అయిదుగురు, వాళ్ల పిల్లలు, మనవలు, కోడళ్లు, అల్లుళ్లు కలిపి నూట పాతిక మంది. కొందరు పాలకొల్లు, రాజోలు, అమలాపురం చుట్టుపక్కల, కొందరు హైదరాబాదులో, మిగతావాళ్లు కువైట్, దుబాయ్, అమెరికాల్లో. అందరికీ కలిపి ఒకటే వాట్సాప్ గ్రూపు. పొద్దున్న లేస్తే పూలబొమ్మల గుడ్ మార్నింగులు, వాటి మధ్యలో ఒక నిశ్చితార్థం కబురు. అది మీ పెద్దమ్మగారి కంటపడేసరికి మూడు రోజులైంది, ఆవిడ అలిగారు. ఇంతకంటే మంచి యాప్ ఏదైనా ఉందా అని.

యాప్ మారిస్తే ఒరిగేదేమీ లేదండి. కబురు ఆ రోజే చూసినా పెద్దమ్మగారు అలిగేవారే. నూట పాతిక మందితో పాటు తనకీ ఒక మెసేజీ పడిందన్నది ఆవిడ బాధ. గ్రూపు ఎప్పుడూ రెండో మెట్టే, మొదటి మెట్టు మనిషి గొంతు. ఎవరికి గొంతుతో చెప్పాలి, ఎవరికి గ్రూపు చాలు అన్నది ముందు తేల్చుకుంటే ఏ యాప్ అయినా పనిచేస్తుంది. ఆవిడ సంగతికొస్తే, పిల్ల తల్లిదండ్రులే స్వయంగా వెళ్లాలి, శుభలేఖలు అచ్చుకు ఇవ్వకముందే. గ్రూపులో పెట్టాం కదండీ అన్న మాట మాత్రం ఎత్తకూడదు. లేఖలో ఎవరి పేర్లు ఎక్కడ వేయాలో ఆవిడనే అడగండి.

ఇక పని మొదలుపెట్టాల్సింది చిట్టాతో. ఒక లాంగ్ నోట్‌బుక్కు కొనండి, ఫోనులోకి ఎక్కించడం తర్వాత. మనిషికో వరస వద్దు, ఇంటికో పేజీ కేటాయించండి. అయిదుగురు సంతానం అంటే అయిదు శాఖలు, ఆడపిల్లల శాఖలతో సహా. ఒక్కో పేజీలో ఇంటి పెద్ద పేరు, ఎవరి కొడుకో కూతురో, ఫోను నిజంగా ఎత్తేది ఎవరో రాయండి (మగాయన నెంబరు రాసుకుంటాం, ఎత్తేది మాత్రం ఆవిడే). వాట్సాప్ ఉందా, బటన్ ఫోనా, చదవగలరా, వినిపించాలా అన్నవి కూడా. ఫోను ఎత్తకపోతే వెళ్లి తలుపు కొట్టగల పక్కింటివాళ్ల నెంబరు తప్పకుండా ఉండాలి. అందరూ వదిలేసేది ఇదే, అర్ధరాత్రి అవసరం పడేదీ ఇదే.

పుట్టినరోజులకి, పెళ్లిరోజులకి ఇంగ్లీషు తేదీ సరిపోతుంది. తద్దినానికి సరిపోదు. మాసం, పక్షం, తిథి మూడూ కావాలి, ప్రాణం పోయిన గంట కూడా రాసుకోవాలి, ఎందుకంటే తిథి మధ్యాహ్నం మారిందో సాయంత్రం మారిందో తర్వాత ఎవరికీ గుర్తుండదు. అమెరికాలో ఉన్న కొడుకు అక్కడే పెట్టుకుంటుంటే ఆ ఊరి పంచాంగం చూడాల్సిందే. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే అయినా, అక్కడి గడియారం తొమ్మిదిన్నర నుంచి పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి తేదీ ఒక రోజు జరగొచ్చు. ‘తాతగారి తద్దినం గురువారం’ అని గ్రూపులో వేసి ఊరుకుంటే న్యూజెర్సీలో ఒకరు బుధవారమా గురువారమా అని కొట్టుకుంటారు. ‘ఇండియాలో గురువారం, మీరు అక్కడి పంచాంగం చూసుకోండి’ అని వేయండి.

గ్రూపులో ఎక్కువ గందరగోళం వరసలతో వస్తుంది. ఒకరికి బాబాయి అయినాయన ఇంకొకరికి పెదనాన్న, మరొకరికి మావయ్య. ‘మావయ్యకి బాలేదు, కాకినాడ తీసుకెళ్తున్నారు’ అని ఒక మేనల్లుడు వేశాడనుకోండి, ముప్ఫై మంది మేనల్లుళ్లు, మేనకోడళ్లు తమ తమ మావయ్యల ఇళ్లకి ఫోన్లు మొదలుపెడతారు, అసలు ఇంటికి లైను దొరకదు. పేరు రాసినా తంటాయే. తాతపేరు మనవలకి పెట్టే అలవాటుకి అన్నవరం దేవుడి మీద భక్తి తోడై ప్రతి కుటుంబంలో ముగ్గురు సత్యనారాయణలు తయారు. అందుకని శాఖ, ఊరు, పేరు మూడూ రాయాలి. ఉదాహరణకి ఇలా:

‘రెండో శాఖ, రాజోలు సత్యనారాయణ గారు. ఈ ఉదయం 6 గంటలకి గుండెనొప్పి వచ్చింది. కాకినాడలో ఆసుపత్రిలో చేర్చాం. స్పృహలో ఉన్నారు, మాట్లాడుతున్నారు. ఆయనకి, ఆయన భార్యకి ఫోన్లు చేయకండి. వివరాలకు వాళ్ల పెద్దల్లుడు. తర్వాతి కబురు సాయంత్రం 6 గంటలకి ఇక్కడే వేస్తాం.’

ఇందులో బరువంతా ఆఖరి వాక్యానిదే. మళ్లీ ఎప్పుడు తెలుస్తుందో తెలిస్తే జనం ఆగుతారు, తెలియకపోతే గంటకోసారి ఫోను మోగుతూనే ఉంటుంది. సాయంత్రం 6కి కొత్త సంగతి ఏమీ లేకపోయినా ‘మార్పు లేదు’ అని వేసి తీరాలి. ఒక్కసారి తప్పారా, తర్వాత మీ మాట ఎవరూ నమ్మరు. ఐసీయూ మంచం మీద ముక్కుకు గొట్టాలతో ఉన్న మనిషి ఫొటో వేయకండి. ఆయన కోలుకుని వచ్చాక ఆ ఫొటో చూస్తారు.

చావు కబురు గురించి కాస్త వివరంగా చెప్తాను, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. వరస ఇలా ఉండాలి: ముందు కన్నపిల్లలు, తర్వాత తోబుట్టువులు, పోయింది ఆడమనిషైతే ఆవిడ పుట్టింటివాళ్లు, తర్వాత దాయాదులు, అప్పుడు గ్రూపు. పుట్టింటివాళ్లు చివరిచూపు చూడకుండా ఎత్తేస్తే ఆ మాట రెండు తరాల దాకా పోదు. పిల్లల్లో ఎవరైనా విదేశంలో ఉంటే నేరుగా వాళ్లకి కాకుండా ముందు పక్కన ఉండేవాళ్లకి ఫోను చేయండి: భార్య, భర్త, గదిలో ఉండే స్నేహితుడు. కారు నడుపుతున్నారో, డ్యూటీలో ఉన్నారో మనకి తెలియదు.

ఇదంతా ఒకరే చేస్తే అవదు. నలభై ఇళ్లకి ఒక్కరు, ఇంటికి మూడు నిమిషాలు వేసుకున్నా రెండు గంటలు. ఈలోపు ఎవరో ఒకరు గ్రూపులో ‘ఓం శాంతి’ వేసేస్తారు, కన్నకూతురికి అదే మొదటి కబురవుతుంది. అందుకే శాఖకి ఒక కబురు మనిషి ఉండాలి. ఇంట్లోవాళ్లు ఆ అయిదుగురికి చెప్తే చాలు, ఒక్కొక్కరూ ఎనిమిది ఇళ్లకి చెప్తారు, అరగంటలో పని అయిపోతుంది. ఆ అయిదుగురి ‘అయింది’ అన్న మాట వచ్చాకే గ్రూపులో వేయాలి. కబురు మనిషిగా పెద్దాయన్ని పెట్టాలనేం లేదు. రాత్రి రెండింటికి ఫోను ఎత్తేవాళ్లు, ఏడవకుండా నాలుగు ముక్కలు చెప్పగలిగేవాళ్లు కావాలి. చాలా ఇళ్లల్లో ఈ పనికి కోడళ్లే పనికొస్తారు.

గ్రూపులో వేసే మెసేజీలో పోయిన సమయం, పార్థివ దేహం ఎక్కడుంది, దహనం ఎప్పుడు, ఎవరి కోసం ఆగుతున్నారు, ఇంటికి కొండగుర్తు, ఇవి ఉండాలి. దహనం వేళ తేలకపోతే ‘మధ్యాహ్నం 2కి చెప్తాం’ అని రాయండి. అమెరికా నుంచి ఎంత త్వరపడినా రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయంలో దిగేసరికి ఒకటిన్నర రోజు పడుతుంది. ఫ్రీజర్ బాక్సు పెట్టి ఆపాలా, వీడియోలో చూపించి కానిచ్చేయాలా అన్నది పిల్లలు మాత్రమే మాట్లాడుకోవాల్సిన విషయం. అది గ్రూపులో చర్చకి పెడితే పెద్దలు సలహాలు ఇస్తారు, ఆ తర్వాత మాటపట్టింపులు వస్తాయి. దహనం వేళ మెసేజీ పడగానే అడ్మిన్ దాన్ని పైన పిన్ చేసి, గ్రూపుని ‘అడ్మిన్లు మాత్రమే’ చేసేయాలి. లేకపోతే అరవై ‘ఓం శాంతి’ల కింద ఆ వేళ కప్పబడిపోతుంది, రావాల్సినవాళ్లు మట్టి అయిపోయాక వస్తారు.

మైల సంగతి తెలిసి చేయాలి. దాయాదులకి పుడితే పురుడు, పోతే మైల, చాలా ఇళ్లల్లో పది రోజులు పడతారు. పెళ్లయిన ఆడపిల్లకి తల్లిదండ్రుల విషయంలో మూడు రోజులు. కబురు ఆలస్యంగా అందితే మిగిలిన రోజులే పట్టడం కూడా ఉంది. ఇంటికీ ఇంటికీ, కులానికీ కులానికీ తేడాలున్నాయి కాబట్టి ఆ ఇంటి పురోహితుడి మాటే చెల్లుతుంది. ఇక్కడ గ్రూపు తెచ్చే చిక్కు ఏంటంటే, అదే వారంలో పెళ్లి పెట్టుకున్న దాయాది ఇల్లు ఒకటి ఉండొచ్చు. పూర్వం అలాంటప్పుడు పెద్దలు ఆ ఇంటికి కబురు పంపడం కాస్త ఆపేవారు, తెలియని మైల అంటదు అనుకునేవారు. ఇప్పుడు మెసేజీ కింద రెండు నీలం టిక్కులు పడ్డాక ఆ వెసులుబాటు లేదు. గ్రూపులో వేయబోయే ముందు ‘ఈ పది రోజుల్లో మనలో ఎవరింట్లో శుభకార్యం ఉంది?’ అని చిట్టా తిప్పి చూడండి. ఉంటే ఆ ఇంటి పెద్దకి ఒక్కరికే ఫోను చేసి నిర్ణయం ఆయనకి వదిలేయండి, ఆయన సరే అన్నాక గ్రూపు.

పురుటి కబురుకి వేరే చిక్కు. మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి కబురు పుట్టేది పిల్ల తల్లిగారి వైపు. అక్కడ ఆసుపత్రిలో ఉన్న పిన్నిగారో, మరదలో ఉత్సాహం కొద్దీ ఫొటో వేసేస్తారు. అల్లుడి తల్లిదండ్రులు తమ మనవడి ముఖం ఫేసుబుక్కులో చూస్తారు. ఇంక చూడండి. పిల్ల తండ్రి వియ్యంకుడికి తానే ఫోను చేసి, ‘తల్లీబిడ్డా క్షేమం’ అన్న మాట ముందు చెప్పి, తర్వాత ఆడో మగో, బరువు, పుట్టిన వేళ చెప్పాలి. వేళ వాళ్లకి కావాలి, నక్షత్రం చూసుకుంటారు, పురుడు లెక్క వేసుకుంటారు. గ్రూపులో ఆ వేళ అక్కర్లేదు, ఫొటో కూడా తల్లి సరే అన్నాకే. నెల తప్పిన కబురైతే మరీను. మూడో నెలా అయిదో నెలా అన్నది ఆ పిల్ల ఇష్టం, అత్తగారిది కాదు.

ఇంటర్, ఈఏపీసెట్ ఫలితాల రోజు మార్కులు ఎవరూ అడగకూడదని గ్రూపు పెట్టిన రోజే చెప్పేయండి. వేసుకోవాలనుకున్న ఇంటివాళ్లే వేసుకుంటారు. వీసా కబురు స్టాంపింగ్ అయ్యాక, ఉద్యోగం కబురు చేరాక. ఆడపిల్ల పెద్దమనిషి అయిన కబురు గ్రూపులో అసలు వద్దు. మేనమామకి ఫోను చేస్తే చాలు, తర్వాత ఓణీల ఫంక్షను పెడితే దాని పిలుపు వేరే.

పిలుపు అంటే గుర్తొచ్చింది, శుభలేఖ ఫొటో వాట్సాప్‌లో పంపడం పిలుపు కిందకి రాదు మన వైపు. తెలియజేయడం మాత్రమే. నాలుగు మూలలా పసుపు రాసిన లేఖ, ఆడవాళ్లకి బొట్టు, ‘ఇంటిల్లిపాదీ రావాలి’ అన్న నోటిమాట, ఇవి ఉంటేనే పిలిచినట్టు. మొదట ఇలవేల్పు దగ్గర, తర్వాత మేనమామ ఇంట్లో, ఆపైన మిగతావాళ్లకి. దూరదేశాల్లో ఉన్నవాళ్లకి భార్యకీ భర్తకీ ఇద్దరికీ విడివిడిగా ఫోనులో చెప్పి, ఆ తర్వాతే లేఖ ఫొటో పంపండి.

పంచే పని చుట్టరికం ప్రకారం కాకుండా దారి ప్రకారం విడగొట్టండి. కోనసీమ గౌతమికీ వసిష్ఠకీ మధ్య ఉన్న నేల. అటు నరసాపురం వైపు వెళ్లాలంటే సఖినేటిపల్లి దగ్గర పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కాలి, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, శ్రావణమాసం పెళ్లిళ్లకి ఇది చూసుకోవాలి. కారులో ఇద్దరు ఆడవాళ్లు, ఒక మగమనిషి వెళ్తే రోజుకి పది పన్నెండు ఇళ్లు మించవు. మన వైపు కాఫీ తాగకుండా ఎవరు లేవనిస్తారు చెప్పండి. ఒక్కో ఇల్లూ అయ్యాక నోట్‌బుక్కులో తేదీ, వెళ్లినవాళ్ల పేరు రాయండి. తాళం వేసి ఉంటే గుమ్మంలో లేఖ పెట్టి వచ్చేయడం వద్దు, మళ్లీ వెళ్లాలి. సారె పంచేటప్పుడు కూడా ఇదే పుస్తకం. కాజాలు, అరిసెలు ఇంటికి ఇన్నని ముందే రాసుకోండి, చివరి మూడు ఇళ్లకి వచ్చేసరికి తగ్గాయంటే వాళ్లు లెక్క అడగరు గానీ గుర్తు పెట్టుకుంటారు.

ఇప్పుడు గ్రూపు. రెండు చేయండి. ఒకటి కబుర్లకి, అందులో అడ్మిన్లే రాస్తారు. ఇంకోటి ముచ్చట్లకి, గుడ్ మార్నింగులు, పకోడీల ఫొటోలు, వెటకారాలు అన్నీ అక్కడ. మొదటిది ఎవరూ మ్యూట్ చేయకూడదు, రెండోది ఎవరు మ్యూట్ చేసినా అడగకూడదు. గ్రూపు పేరు మీద నొక్కితే కింద గ్రూపు పర్మిషన్లు కనిపిస్తాయి, అందులో సభ్యులు కొత్త మెసేజీలు పంపడం అన్న మీట ఆపేస్తే అడ్మిన్లకే పరిమితమవుతుంది. అడ్మిన్లుగా ఆ అయిదుగురు కబురు మనుషుల్నే పెట్టండి, విదేశంలో ఉన్నవాళ్లు ఒకరు అదనం, మనం నిద్రపోయేటప్పుడు వాళ్లు మేలుకుని ఉంటారు. పిన్ చేసిన మెసేజీ ఒక రోజు, ఏడు రోజులు, ముప్ఫై రోజులు ఉండేలా పెట్టుకోవచ్చు. దహనం వేళకి ఒక రోజు, పెద్దకర్మకి ఏడు, పెళ్లికి ముప్ఫై. అక్షరం తప్పు పడితే పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. ముహూర్తం 8.12 బదులు 9.12 అని పడితే దిద్ది ఊరుకోకుండా కొత్తగా కూడా వేయండి, ముందుది చదివేసినవాళ్లు వెనక్కి చూడరు.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడదామనుకుంటున్నవాళ్లకి ఒక మాట. మీ నెంబరు తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్లకి మాత్రమే అది చేరుతుంది, లిస్టుకి 256 మందే. చేరనివాళ్ల పేర్లు మీకు కనిపించవు, అందుకే ‘నాకు చెప్పలేదు’ అన్న మాట వస్తుంది. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, అది కబురు కానే కాదు.

చదవలేని పెద్దవాళ్లకి వాయిస్ మెసేజీ. నలభై సెకన్లు దాటకుండా, మొదటి మాటలోనే మీరెవరో, ఎవరి గురించో చెప్పాలి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్, మస్కట్ గంటన్నర. కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకి ఫోను తీరిగ్గా చేతికొచ్చేది రాత్రి పనయ్యాకే. అక్కడ తొమ్మిదిన్నరంటే మనకి అర్ధరాత్రి. వాళ్లకి చెప్పడానికి మేలుకుని ఉండేవాళ్లు ఒకరు కావాలి. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు. మెసేజీలు, వాయిస్ మెసేజీలు వెళ్తాయి, మాట్లాడాలంటే బోటిమ్ లాంటి కాల్స్ యాప్ ముందే వేసి ఉంచుకోవాలి.

వరద రోజుల కబుర్లకి ఒక పద్ధతి పెట్టుకోండి. టీవీలో గోదావరి అనగానే విదేశాల నుంచి ఫోన్లు వరదకంటే ముందు వస్తాయి. 2022 జులై వరద వీడియోలు ఏటా కొత్తవాటిలా తిరుగుతుంటాయి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక ఊళ్లల్లో ఉన్న ఇంటివాళ్లు రోజుకి రెండుసార్లు నాలుగు ముక్కలు వేస్తే చాలు: ఎన్నో హెచ్చరిక, మన వీధిలోకి నీళ్లు వచ్చాయా, పడవ నడుస్తోందా, ఇంట్లో ఎవరెవరున్నారు. తుఫానుకి కరెంటు పోతే టవర్లు కూడా పోతాయి. సిగ్నల్ అరకొరగా ఉన్నప్పుడు వాట్సాప్ తిరుగుతూనే ఉంటుంది, మామూలు ఎస్సెమ్మెస్ ఎప్పుడో ఒకప్పుడు దూరిపోతుంది. డెల్టా బయట, రాజమండ్రిలోనో హైదరాబాదులోనో, ఒక మనిషిని అనుకోండి. ఊళ్లోవాళ్లు ఆ ఒక్కరికే ఎస్సెమ్మెస్ పెడతారు, గ్రూపుకి ఆయన చెప్తారు.

కొత్తగా వచ్చిన బెడద పెళ్లిపత్రిక పేరుతో వచ్చే ఫైలు. పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది పత్రిక కాదు, ఫోనులో దూరే ప్రోగ్రాము. బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీలు చదివేస్తుంది, మీ పేరు మీద అదే ఫైలు మిగతా చుట్టాలకి పంపుతుంది. మన శుభలేఖలు ఫొటోగానో పీడీఎఫ్‌గానో మాత్రమే వస్తాయని పిన్ చేసిన మెసేజీలో రాసి ఉంచండి. ఎవరైనా నొక్కేస్తే వెంటనే డేటా, వైఫై ఆపి, ఇంకో ఫోను నుంచి బ్యాంకుకి, సైబర్ నేరాల నెంబరు 1930కి చెప్పాలి. చుట్టాలకి కూడా ఆ రెండో ఫోను నుంచే.

ఎవరైనా అలిగి గ్రూపులోంచి వెళ్లిపోతే మళ్లీ చేర్చేయకండి, మూడుసార్లు చేర్చి మూడుసార్లు వెళ్లిపోవడం అందరి ముందూ జరుగుతుంది. శాఖ కబురు మనిషి ఫోను చేస్తారు. రానంటే ఆ ఇంటి పేజీలో ‘ఫోనులోనే చెప్పాలి’ అని రాసుకోవడమే.

చిట్టా ఏటా ఒకసారి దిద్దాలి. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక పుస్తకం తీస్తే అందరూ దొరుకుతారు. మారిన నెంబర్లు, కొత్త కోడళ్ల పుట్టింటి నెంబర్లు, కొత్త అల్లుళ్లు, కొత్త తద్దినాలు ఎక్కించండి. పోయినవాళ్ల నెంబరు ఇంటివాళ్లని అడిగి గ్రూపులోంచి తీసేయండి, కంపెనీ దాన్ని కొన్నాళ్లకి వేరేవాళ్లకి ఇచ్చేస్తుంది. దిద్దిన పేజీలు జెరాక్సు తీయించి శాఖకొక కట్ట ఇచ్చేయండి, పాతవి చింపేయమని చెప్పి మరీ.